మా ఫోస్టర్ కుక్కపిల్లని ఎవరికివ్వాలో తేల్చుకోలేకపోతున్నాను

నిజాంపేట నాలుగో అంతస్తు:

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, నిజాంపేట. వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక నల్ల కుక్కపిల్ల దొరికింది. తల్లిని రోడ్డు మీద ఏదో బండి గుద్దేసింది. తోడబుట్టినవి పార్వో (కుక్కపిల్లల్ని చంపేసే వైరస్ జబ్బు) వచ్చి పోయాయి, ఇదొక్కటే మిగిలింది. రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేస్తే, "మా దగ్గర జాగా లేదండీ, వ్యాక్సిన్ల ఖర్చు మేం పెట్టుకుంటాం, ఇల్లు దొరికేదాకా మీరు ఫోస్టర్‌గా ఉంచుకోండి" అన్నారు. సరే అన్నాను. పేరు మిరియం. ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది.

మిక్సీ వేస్తే మంచం కిందికి దూరుతుంది. కుక్కర్‌కి మాత్రం భయం లేదు, మూడో విజిల్‌కి వంటింటి గుమ్మంలో వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత పెరుగన్నం వస్తుందని తెలుసు. పేపరు మీదే పాస్ పోస్తుంది. పేపరు మామగారు చదువుతూ ఉంటే ఆయన కాళ్ల దగ్గర పోస్తుంది. మా సొసైటీ సెక్రటరీగారు "వీధి కుక్కలు లిఫ్ట్ ఎక్కకూడదు" అని గ్రూపులో మెసేజ్ పెట్టారు, అదొక టెన్షన్.

మేం ఉంచేసుకోలేం. ఇద్దరం ఆఫీసుకి వెళ్తాం, మా ఆయనకి పుణె ట్రాన్స్‌ఫర్ ఉంది. అందుకని ఫొటోలు పెట్టి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను. వచ్చిన ఫోన్లు ఎలా ఉన్నాయంటే: "మగదా?" కాదండీ ఆడది అనగానే కట్. "లాబ్రడార్ క్రాసేనా?" కట్. ఒకాయన కాళ్లకి గోళ్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాడు. ఇంకొకాయన శని దశ నడుస్తోందట, జ్యోతిష్కుడు నల్ల కుక్కని పెంచమన్నాడట. ఒంటి మీద ఎక్కడైనా తెల్ల మచ్చ ఉందా అని అడిగితే, ఛాతీ మీద బొటనవేలంత ఉందన్నాను. "అయితే పనికిరాదమ్మా" అన్నాడు.

చివరికి ముగ్గురు మిగిలారు. శంకర్‌పల్లిలో ఫామ్‌హౌస్ ఉన్న ఒక పెద్దమనిషి, కాపలాకి కావాలంటున్నారు. కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండే జంట, ఇద్దరూ సాఫ్ట్‌వేర్, బాబు పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇవ్వాలని ఉంది. బోడుప్పల్‌లో సొంతిల్లున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య. వాళ్ల పాత కుక్క ముసలిదై పోయిన ఏడు పోయింది, పిల్లలు అమెరికాలో ఉన్నారు. ముగ్గురూ "మాకు కుక్కలంటే ప్రాణం" అనే అన్నారు. ఏం అడగాలి? ఏం చూడాలి?

సైనిక్‌పురి పిన్ని:

నీ రాత చూస్తే మా చెల్లెలి కూతురి ఈడుదానిలా ఉన్నావు, అందుకే నువ్వు అంటున్నా, ఏమనుకోకు. మా ఇంటికి ఇలా వచ్చి వెళ్లినవి చాలానే ఉన్నాయి. ఉండిపోయినవి రెండు. మూడోదాన్ని ఉంచుకుంటే నన్నే ఎవరికైనా ఫోస్టర్‌కి ఇచ్చేస్తానన్నారు మా ఆయన.

ఆ తెల్ల మచ్చ పుణ్యమా అని ఆయన పీడ వదిలింది, సంతోషించు. శని దశ దాటాక కుక్కనేం చేద్దామనుకున్నాడో!

నేను చూసేది ఒకటే. ఫోన్ చేసినవాళ్లు ఎలాగూ ప్రాణం అనే అంటారు. నువ్వు మాట్లాడాల్సింది ఫోన్ చేయనివాళ్లతో. ప్రతి ఇంట్లోనూ కుక్క వద్దనే మనిషి ఒకరుంటారు. నోరు తెరిచి వద్దనకపోయినా, రేపు ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లుంటారు. కుక్కలు తిరిగొచ్చేది వాళ్ల వల్లే.

కొండాపూర్ వాళ్లనే తీసుకో. పగలంతా ఇంట్లో ఎవరుంటారు? పనమ్మాయికి కుక్కంటే భయమైతే వారం తిరక్కుండా మానేస్తుంది. పనమ్మాయా కుక్కా అనే దాకా వస్తే హైదరాబాద్‌లో గెలిచేది పనమ్మాయే. నేను తప్పు పట్టను, రెండు ఉద్యోగాల ఇల్లు మరి. కాబట్టి ఆ అమ్మాయి ఇంట్లో ఉన్న టైముకి మిరియాన్ని తీసుకెళ్లు. ఇంటి ఓనర్‌తో నువ్వే ఒకసారి ఫోన్‌లో మాట్లాడు, "ఓనర్‌కి చెప్పాం" అన్న మాట చాలదు. ఇక పుట్టినరోజు సర్‌ప్రైజ్ అంటావా, ఇరవై మంది పిల్లలు, బెలూన్లు, కేకు. మిక్సీకే మంచం కింద దూరే పిల్ల అది! ఇవ్వాలనుకున్నా పండగ హడావిడి అయ్యాకే ఇవ్వు. దీపావళి దగ్గర్లో ఉంటే అది కూడా దాటనీ. కొత్త ఇల్లు, పైగా టపాకాయలు, గేటు తీసి ఉందంటే ఎటు పరిగెడుతుందో దానికే తెలియదు.

తార్నాకలో ఒక ఇంటికి ఇచ్చాను. వాళ్ల అత్తగారికి మడి, ఆచారం. నేను వెళ్లిన రోజే ఆవిడ "వంటింటి గడప దాటితే ఊరుకోను, నన్ను ముట్టుకోకూడదు" అని మొహమాటం లేకుండా చెప్పింది. కోడలు మొహం చిన్నబోయింది గానీ, నాకు మాత్రం ఆ మాటతోనే ధైర్యమొచ్చింది. గడప దగ్గర చిన్న చెక్క గేటు పెట్టించారు. ఏళ్లు గడిచాయి. ఆవిడ ఇప్పటికీ దాన్ని ముట్టుకోదు, అదీ ఆవిడ జోలికి పోదు, ఏ గొడవా లేదు. "మా అత్తగారికి మెల్లగా అలవాటవుతుందిలెండి" అన్న ఇళ్ల నుంచే నాకు తిరిగొచ్చాయి.

ఫామ్‌హౌస్ అనగానే నేను వద్దనను. కానీ ఆ పెద్దమనిషి వచ్చేది ఆదివారం. మిగతా రోజులు అన్నం పెట్టేది వాచ్‌మన్ పెళ్లాం. ఆవిడతో మాట్లాడు. ముందున్న కుక్క ఏమైందని అడుగు. "పోయింది" అని ఊరుకుంటే ఎలా పోయిందో అడుగు. పగలు కట్టేసి ఉంచుతారా, గొలుసు ఎంత పొడవు, నీళ్ల గిన్నె నీడలో ఉందా అన్నది కళ్లతో చూడు.

బోడుప్పల్ వాళ్లు ఒక కుక్కని ముసలితనం దాకా సాకారంటే అంతకన్నా సర్టిఫికెట్ ఉండదు. నాకున్న అనుమానం అమెరికా. పిల్లలక్కడ ఉంటే ఏదో ఒక ఏడు విజిటర్ వీసా మీద వెళ్లి ఆరు నెలలు ఉండొస్తారు. మనవడు పుట్టాడంటే తప్పదు. అప్పుడు మిరియం ఎక్కడ? "పక్కింటివాళ్లు చూస్తారు" అంటే ఆ పక్కింటి గుమ్మం ఎక్కి అడుగు.

ఎవరికిచ్చినా వాళ్లు కాదనుకుంటే తిరిగి నీకో, రెస్క్యూ వాళ్లకో అప్పజెప్పాలని కాగితం మీద రాయించు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూడాల్సింది తీసుకున్నవాళ్లే అని చెప్పింది. మీ సెక్రటరీగారికి యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీసి ఇవ్వు. పెంపుడు కుక్కల్ని, అవి నాటు కుక్కలైనా సరే, లిఫ్ట్ ఎక్కొద్దనే హక్కు సొసైటీకి లేదు.

గాజువాక షిఫ్ట్ మనిషి:

పిన్నిగారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా గానీ, అవతలి వైపు నుంచి నేనొక మాట చెప్పాలి. నేను బ్యాచిలర్‌ని, అద్దె ఇల్లు, షిఫ్ట్ డ్యూటీ. ఈ మూడు మాటలు వినగానే చాలామంది ఫోస్టర్లు ఫోన్ పెట్టేశారు. ఇంటికొచ్చి చూసినవాళ్లు లేరు. చివరికి ఒకావిడ మాత్రం మా ఓనర్‌తో మాట్లాడి, నా షిఫ్ట్ చార్ట్ చూసి, నైట్ డ్యూటీ ఉన్న వారం ఎవరు చూస్తారని అడిగింది. కింద పోర్షన్ వాళ్ల కుర్రాడిని చూపించాను. ఇచ్చింది.

ఇచ్చాక ఇంకో గోల. రోజూ వీడియో పంపాలట. కొత్తలో అది అన్నం ముట్టలేదు, గ్యాస్ సిలిండర్ వెనకాల నక్కి కూర్చుంది. ఆ వీడియో పంపితే ఆవిడ ఏడుపు, మా ఇద్దరికీ నిద్ర లేదు. మర్నాడు షిఫ్ట్ దిగి వచ్చి, లైట్ వేయకుండా ఒక పక్కన కూర్చుని నా పప్పన్నం నేను తింటుంటే మెల్లగా వచ్చి కంచం వాసన చూసింది. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి ఇల్లు అని రెస్క్యూ వాళ్లంటారు కదా, మా దానికి దాదాపు అలాగే జరిగింది. కాబట్టి నిజాంపేట అక్కా, ఇచ్చాక వారానికో ఫోన్ చాలు. కొండాపూర్ వాళ్లది అద్దె ఇల్లని మాత్రం పక్కన పెట్టేయకండి.

సైనిక్‌పురి పిన్ని:

నిజమే బాబూ. అద్దె ఇల్లని నేనూ వద్దనలేదు, ఓనర్‌తో మాట్లాడమన్నాను. వీడియోల సంగతిలో మాత్రం ఆవిడనేమీ అనలేను, ఆ మొదటి వారం నాకూ అన్నం సయించదు.

బెజవాడ క్లినిక్:

నేను పెట్ క్లినిక్‌లో అసిస్టెంట్‌ని. ఇళ్ల సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను టీకాల కార్డు సంగతి చెప్తాను. పార్వోకి, డిస్టెంపర్‌కి (అదీ కుక్కలకొచ్చే వైరస్ జబ్బే) టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయాలి. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక. మిరియానికి ఐదో నెల అంటున్నారు కాబట్టి ఇవన్నీ అయిపోయి ఉండాలి. కార్డులో స్టిక్కర్, తేదీ, సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. "వేయించాం" అన్న మాట కొత్త ఇంటి డాక్టరుకి పనికిరాదు.

ఆడపిల్ల కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మాట ఇప్పుడే తేల్చేయండి. సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో చేస్తారు. ఎవరు చేయిస్తారు, డబ్బు ఎవరిదన్నది ముందే అనుకోకపోతే తర్వాత ఎవరూ చేయించరు. ఏడాది తిరిగేసరికి ఐదారు పిల్లలతో మళ్లీ మీకే ఫోన్ వస్తుంది.

ఇంకోటి. మీ సెల్లార్‌లో పార్వో వచ్చిందన్నారు. ఆ క్రిమి నెలల తరబడి నేలలో బతికే ఉంటుంది, ఫినాయిల్‌తో తుడిస్తే పోదు. నాలుగు లీటర్ల నీళ్లలో అర కప్పు బ్లీచ్ కలిపి, ఓ పది నిమిషాలు తడిగా ఉండేలా కడిగించండి. టీకాలు పూర్తికాని మరో పిల్లని అక్కడికి తేకండి. ఇచ్చే రోజున స్నానం చేయించి, సెంటు కొట్టి పంపేవాళ్లున్నారు, అదేమీ వద్దు. ఇప్పుడు తింటున్న తిండే కొత్త ఇంట్లోనూ వారం పాటు పెట్టమనండి. కొత్త ఇల్లు, కొత్త తిండి కలిస్తే విరేచనాలు ఖాయం. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వేలు పెట్టి చూడండి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, నీరసంగా పడుకుంటే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు. బెంగ పెట్టుకుందని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించమని చెప్పండి.

డాలస్ నుంచి:

కొండాపూర్ జంటని ఒక్కటి అడగండి, వీసా ప్రాసెస్‌లో ఏమైనా ఉందా అని. మా స్నేహితుల్లో "ఏముంది, వెంట తీసుకెళ్లిపోతాం" అనుకుని తర్వాత చేతులెత్తేసినవాళ్లున్నారు. 2024 ఆగస్టు నుంచి అమెరికాలో రూల్స్ మారాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉండాలి. ఇండియా రేబీస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి అక్కడ టీకా వేయించినదానికి సర్టిఫికెట్లు, రక్తపరీక్ష రిపోర్టు కావాలి, దించేది కూడా కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే. చేయలేనిదేమీ కాదు, డబ్బుతో పాటు చాలా నెలల ముందు నుంచి ప్లాన్ ఉండాలి.

నిజాంపేట నాలుగో అంతస్తు:

అందరికీ థాంక్స్. పిన్నిగారూ, మీరన్నట్టే ఫోన్లు చేశాను. ఫామ్‌హౌస్ ఆయన్ని వాచ్‌మన్ నంబరు అడిగితే "వాడితో మీకేం పని, నేను చెప్తున్నా కదా" అన్నారు. ఆ సంగతి అక్కడితో తేలిపోయింది. కొండాపూర్ ఆవిడ నిజాయితీగా మాట్లాడింది. కంపెనీయే అమెరికా ఆఫీసుకి పంపే ఎల్-వన్ వీసా మాట నడుస్తోందట, అది తేలేదాకా ఆగుతామంది. బాబుని మాత్రం ఆదివారాలు మా ఇంటికి తెచ్చి మిరియంతో ఆడిస్తానంటే రమ్మన్నాను.

బోడుప్పల్ వాళ్లు వచ్చే వేసవిలో అమెరికా వెళ్తున్నారు, మీ అనుమానం నిజమే. అయితే పై పోర్షన్‌లో వాళ్ల మేనకోడలు ఉంటుంది. పాత కుక్కకి చివరి రోజుల్లో మందులు వేసిందీ ఆ అమ్మాయేనట. ఫోన్‌లో నేనడగకముందే "గేటు కింద సందు ఉందండీ, పిల్ల కదా, దూరిపోతుంది, జాలీ కొట్టించమని మావయ్యకి చెప్పాను" అంది. శనివారం వెళ్తున్నాం, ముందు పది రోజులు ట్రయల్ అనుకున్నాం. ఆపరేషన్ ఖర్చు రెస్క్యూ వాళ్లు సగం పెడతారట. ఉప్పల్, బోడుప్పల్ వైపు ఆడకుక్కలకి బాగా చేసే డాక్టరెవరైనా తెలిస్తే చెప్పండి.