పెద్దల ముందు నోరు విప్పని పిల్లలకు ఆత్మవిశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న:
నేను నైరోబీలో ప్రాథమిక తరగతులకు బోధిస్తున్నాను. తోటివారితో గలగలా మాట్లాడే కెన్యా పిల్లలు నేను ప్రశ్న వేయగానే తల దించుకుంటారు. వీరిలో ధైర్యం పెరగడానికి ఇంట్లో ఏం చేయాలని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పెద్దల పట్ల గౌరవాన్ని వదులుకోమనడం నాకు ఇష్టం లేదు. వారికేం చెప్పమంటారు?

మొదటి సమాధానం:
మీరు చూస్తున్నది పిరికితనం కాకపోవచ్చు. కెన్యాలోని కిప్సిగిస్ ప్రజల మధ్య 1970లలో పరిశోధించిన సారా హార్క్‌నెస్, చార్లెస్ సూపర్‌లకు కూడా ఇదే ఎదురైంది: విన్న కథను తిరిగి చెప్పమని పెద్దవారు అడిగితే చాలామంది పిల్లలు పెదవి విప్పలేదు. అయితే పశువులను కాయడం, చంటిబిడ్డను చూసుకోవడం వంటి పనులను పెద్దలు అక్కడి పిల్లలకు నమ్మకంగా అప్పగించేవారు. ఎవరూ చెప్పకుండానే అవసరం గుర్తించి పని అందుకునేవారినే తెలివైనవారిగా లెక్కించేవారు. నా ఉద్దేశంలో చిక్కంతా నగరంలోనే ఉంది. అక్కడ ఇంటిపనులు పనిమనిషికి, మిగిలిన సమయం హోంవర్కుకు పోగా, మాట్లాడకూడదన్న నియమం మాత్రం పిల్లలకు మిగిలింది. కాబట్టి మాట్లాడమని ఒత్తిడి చేసే ముందు, తప్పు జరిగితే నిజంగా నష్టం కలిగే పనిని, ఉదాహరణకు సంతలో బేరమాడి కూరగాయలు తెచ్చే పనిని, వయసుకు తగినట్టు అప్పగించమని చెప్పండి.

రెండో సమాధానం:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ప్రతి మౌనమూ గౌరవం కాదు. కెన్యా పాఠశాలల్లో బెత్తాన్ని 2001లోనే నిషేధించినా, తప్పు చెబితే దెబ్బ తప్పదన్న భయం ఇళ్లలో అంత త్వరగా పోదు. 1990లో ఆమోదించిన ఆఫ్రికా బాలల హక్కుల, సంక్షేమ చార్టర్ 7వ అధికరణం పిల్లలకు అభిప్రాయం చెప్పే హక్కునిస్తూనే, 31వ అధికరణంలో పెద్దలను గౌరవించడం వారి బాధ్యత అంటుంది. గౌరవం పోతుందని భయపడే తండ్రికి ఈ రెండూ కలిపి చూపించండి.

మూడో సమాధానం:
నైజీరియాలోని యొరుబా కుటుంబాల్లో ఆడపిల్ల మోకరిల్లి, మగపిల్లవాడు సాష్టాంగపడి పెద్దలకు నమస్కరిస్తారు. ఆ పెద్దలే ‘ఒరికి’ అనే ప్రశంసాగీతంతో బిడ్డను, వారి వంశాన్ని కీర్తిస్తారు. వంగిన బిడ్డకు తానెవరో తెలుస్తుంది. కెన్యా కుటుంబాలు దీన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు. తాతముత్తాతల కథలు వారికీ ఉన్నాయి.

ఇక మీ తరగతిలో ఒక్కరినే నిలబెట్టి అడిగే బదులు, జవాబును ముందు పక్కనున్న తోటివారికి వివరించనిచ్చి, తర్వాత ఇద్దరి తరఫున ఒకరిని చెప్పమనండి.