పల్లెలో చేసిన పని పరిశోధన లెక్కలోకి వస్తుందా?

కృష్ణాతీరం (సామాజిక వైద్యం బోధిస్తాను)

నాతో పనిచేసే ఒక అధ్యాపకురాలు ఆరేళ్లుగా పద్నాలుగు పల్లెలు తిరుగుతున్నారు. కౌమార బాలికల్లో రక్తహీనత, చదువు మధ్యలో మానేసిన యువకులకు ఆరోగ్య శిక్షణ, ఇవీ ఆమె పనులు. పదోన్నతి దస్త్రం కమిటీకి వెళ్లింది. అచ్చయిన పరిశోధన పత్రాలు మూడే ఉన్నాయని వెనక్కి పంపేశారు. పల్లెల్లో చేసిన పని రాయడానికి దరఖాస్తులో ఒక గడి కూడా లేదు. ఇది న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

మనకు దగ్గరలోని ఉదాహరణే చెబుతాను. గోదావరికి, ప్రాణహితకు అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివి తిరిగివచ్చి 1986 నుంచి అక్కడ 'సెర్చ్' సంస్థను నడుపుతున్నారు. నిమోనియాతో పిల్లలు పోతుంటే, అంకెలు పెద్దగా రాని మంత్రసానుల కోసం వాళ్లొక పరికరం చేశారు. చిన్న చట్రం, అందులో పూసలు, పక్కన నిమిషంపాటు జారే ఇసుక గడియారం. బిడ్డ పదిసార్లు ఊపిరి తీస్తే ఒక పూసను పక్కకు జరపాలి. ఇసుక అయిపోయేలోపే ఎర్ర పూస దాకా వచ్చేస్తే అది నిమోనియా, వెంటనే మందు మొదలుపెట్టాలి. అక్షరం రాని చేతుల్లో ఒక రోగనిర్ధారణ! ఆ పూసల చట్రానికి ఏ కమిటీ ఎన్ని మార్కులు వేస్తుంది?

వాళ్లే 2006లో 'నిర్మాణ్' పేరుతో యువత కోసం శిబిరాలు మొదలుపెట్టారు. వాటిలో తయారయ్యేది పత్రాలు కాదు, మనుషులు. మరి వాటిని ఏ లెక్కలో వేయాలి?

సంభావ్యత (గణాంకశాస్త్రం)

మీ సహోద్యోగికి జరిగినదానికి నాకూ బాధగా ఉంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. మీరు తెచ్చిన ఉదాహరణే మీ వాదనకు అడ్డం నిలుస్తుంది.

బంగ్ దంపతుల పని మనకు ఎలా తెలిసింది? అచ్చులోకి వచ్చింది కనుక. 1989లో రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉందని వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించింది. వాళ్లలో అంతకుముందు అలాంటి పరీక్ష జరిగినవారు 8 శాతమే. పల్లె ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే అనుకునే కాలమది. ఆ ఒక్క పత్రం తర్వాత అలా అనడం కష్టమైంది. 1999లో వచ్చిన పత్రం చూడండి. ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ జరిగిన 39 పల్లెల్లో, పుట్టిన నెలలోపు మరణాలు వెయ్యికి 62 నుంచి 25.5కు దిగాయి. పోల్చిచూసిన 47 పల్లెల్లో 58 ఉన్నవి 60కి చేరాయి. ఆ 47 పల్లెలను లెక్కపెట్టకపోతే, వానలు బాగా కురిసి పంటలు పండినందువల్లే పిల్లలు బతికారని ఎవరైనా అనగలరు. మనం ఏం జవాబు చెబుతాం?

అందులోనూ ఒక లోపం ఉంది. ఏ పల్లె ఏ వైపు ఉండాలన్నది లాటరీ వేసి తేల్చలేదు. తర్వాత బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో లాటరీ పద్ధతిలో ఇలాంటి ప్రయోగమే చేస్తే ఇంటి సందర్శనల పల్లెల్లో మరణాలు 34 శాతం తగ్గాయి. గడ్చిరోలిలో, పోలిక పల్లెల్లో వచ్చిన మార్పునూ కలిపి లెక్కిస్తే, 62 శాతం. ఎక్కడ ఎంత ఫలితం వస్తుందో తేల్చింది కూడా పత్రాలే. రేపు 'పని చేశాను' అన్న మాటకే మార్కులిస్తే, ఒక్కరోజు ర్యాలీ తీసి ఫొటో దిగినవారు మీ సహోద్యోగి పక్కనే వరుసలో నిలబడతారు.

ఆశా కార్యకర్త కూతురు

పెద్దలు మాట్లాడుతున్నారు, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. గడ్చిరోలి పద్ధతిని 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించారు. ఆసుపత్రి కాన్పయితే ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు, నలభైరెండో రోజు వరకు బిడ్డను చూసి రావాలి. అన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలు.

మా అమ్మ ఆ సంచి తగిలించుకుని వెళ్లేటప్పుడు చిన్నప్పుడు నేనూ వెంట వెళ్లేదాన్ని. గుడ్డ ఊయలలో బిడ్డను వేసి తూకానికి తగిలించి, ముల్లు కదలకుండా ఆగేవరకు తను కూడా ఊపిరి బిగబట్టి చూసేది. తర్వాత అరచేత్తో పాదాలు తాకేది. పాలు లాగి తాగుతున్నాడా, ఏడుపు నీరసంగా ఉందా, డొక్కలు ఎగరేస్తున్నాడా, బొడ్డు దగ్గర చీము ఉందా అని ఒక్కొక్కటే అడిగేది. ఒకసారి తొమ్మిదో రోజు బిడ్డ బరువు బాగానే ఉన్నా, "వీడు నిన్నటిలా ఏడవడం లేదు" అని ఆటో పిలిపించింది. బిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందని ఆసుపత్రిలో చెప్పారు. వాడిప్పుడు బడికి వెళుతున్నాడు.

ఆ ఏడుపులో తేడాను పసిగట్టింది మా అమ్మ. ఫారంలో దానికి గడి లేదు. సార్ చెప్పిన దరఖాస్తులో గడి లేనట్టే ఇక్కడా లేదు. ఆ 1999 లాన్సెట్ పత్రం మీద ఐదుగురి పేర్లున్నాయని చదివాను. పల్లెపల్లెకూ తిరిగి పుట్టుకలు, చావులు రాసి, సూదిమందు ఇచ్చిన ఆరోగ్యదూతల పేర్లు ఎక్కడున్నాయి? పరిశోధకులకు మార్కులు రావడం లేదన్న బాధ సరే, పరిశోధన చేసిన చేతుల సంగతి కూడా ఎవరైనా అడగాలి కదా!

సిరొంచ తెలుగు

నాది గడ్చిరోలి జిల్లా దక్షిణ కొస. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. 'సెర్చ్' సంస్థ ఉండే శోధగ్రామ్ మా ఊరికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు, కాళేశ్వరం మాత్రం నది దాటితే చాలు. ఆ 39 పల్లెల్లో మా పల్లె లేదు. జిల్లా పేరు ప్రపంచమంతా మోగినా మాకు జ్వరమొస్తే ఇప్పటికీ వంతెన దాటి తెలంగాణ వైపు పరుగెత్తడమే. దానికి ఆ దంపతులను తప్పుపట్టను. పిల్లల చావులు చాలావరకు ప్రభుత్వ లెక్కలకు ఎక్కడమే లేదని 2001లోనే వాళ్లు నివేదిక ఇచ్చారు. లెక్కకే రాని చావు ఎవరిని కదిలిస్తుంది? కాబట్టి లెక్క కావాలన్న గణాంకాల మాస్టారి వైపే నేను. అయితే పత్రం వచ్చింది 1999లో, దేశం కదిలింది 2011లో. ఆ పన్నెండేళ్లూ ఏ పల్లె భరించిందో కూడా లెక్కలోకి తీసుకోండి.

విశ్రాంత నర్సు

నలభై ఏళ్లు ఉద్యోగం చేశాను. అప్పట్లో ఒక పల్లె ఆడమనిషి పసిబిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేయడమంటే మా పై అధికారులు ఒప్పుకునేవారే కాదు. ఆశా కార్యకర్తల చేతికి ఈ పథకం వచ్చినప్పుడు కూడా సూది రాలేదు. 2014లో, అదీ కొన్ని పరిస్థితుల్లో మాత్రమే ఏఎన్ఎం నర్సులకు అనుమతి ఇచ్చారు. గడ్చిరోలిలో మాత్రం ఆ స్త్రీలు సూది వేశారు. ఇన్ఫెక్షన్ సోకిన నవజాత శిశువుల్లో చనిపోయేవారు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి తగ్గారు. పల్లె స్త్రీల మీద నమ్మకం పెట్టడమే అక్కడ జరిగిన అసలు ప్రయోగమని నా ఉద్దేశం. ఆ నమ్మకమే పత్రం నుంచి పథకంలోకి సగమే దిగింది.

కృష్ణాతీరం

ఆశా కార్యకర్త కూతురు రాసింది చదివాక నా ప్రశ్నలోనే పొరపాటుందని అర్థమైంది. పని ఒక వైపు, పత్రం మరో వైపు అని విడదీశాను. గడ్చిరోలిలో ఆ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. పుట్టిన ప్రతి బిడ్డనూ, పోయిన ప్రతి బిడ్డనూ రాసుకున్న ఆ రిజిస్టరే వైద్యం, అదే పరిశోధన. నేను అడగవలసింది ఇది: కమిటీ ఆ రిజిస్టరును తెరిచి చూస్తుందా, చూడదా?

సంభావ్యత గారూ, ర్యాలీ ఫొటోకూ ఆరేళ్ల రిజిస్టరుకూ తేడా కనిపెట్టడం కష్టం కాదు. పత్రాల సంఖ్యకే మార్కులని పెట్టినప్పుడు కూడా దొంగ పత్రికలు పుట్టుకొచ్చాయి కదా! డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలను అడ్డుకోవడానికి విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ మంచి పత్రికల జాబితా ఒకటి పెట్టి, చివరికి 2025లో ఆ జాబితానే ఎత్తేసింది.

సంభావ్యత

దొంగ పత్రికల మాట నిజం, ఒప్పుకుంటున్నాను. రిజిస్టరును సాక్ష్యంగా తీసుకోవాలన్నదానికీ నాకు అభ్యంతరం లేదు. పిల్లల మరణాల్లాంటి వాటికి అది సరిపోతుంది.

చిక్కంతా యువత దగ్గరే. శిబిరానికి వచ్చిన యువ డాక్టరు తర్వాత అడవి పల్లెలో పనిచేస్తే, అది శిబిరం మహిమ అంటాం. అలాంటి పని చేయాలన్న తపన ఉన్నవాడే శిబిరానికి దరఖాస్తు పెట్టుకుంటాడు కదా! పోలిక ఎవరితో? నాకు తోచిన దారి ఒకటుంది. దరఖాస్తు పెట్టి చోటు దొరకనివారిని, దొరికినవారిని ఇద్దరినీ ఐదేళ్లకు, పదేళ్లకు పలకరించాలి. ఎక్కడున్నారు, ఎవరి మధ్య పనిచేస్తున్నారు, ఎందుకు మానేశారు అని అడిగి రాసుకోవాలి. మానేసినవారి జవాబులే నాకు ఎక్కువ విలువైనవి. మీ సహోద్యోగి దగ్గర శిక్షణ పొందిన యువకుల జాబితా ఉంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. లెక్కలు నేను చూసిపెడతాను.

ఆశా కార్యకర్త కూతురు

మానేసినవారిని అడగమన్నందుకు మీకు దండం, సార్. మా అమ్మ కూడా నిరుడు మానేసింది. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కృష్ణాతీరం

మీ అమ్మగారికి అభ్యంతరం లేకపోతే నేను వచ్చి అడుగుతాను, రాసుకుంటాను.

సంభావ్యత గారూ, జాబితా ఉంది. నిన్న మా సహోద్యోగి ఇంటికి వెళ్లాను. ఆరు పొడవాటి పుస్తకాలు బల్లమీద పెట్టారు. రక్తపరీక్ష ఫలితాలు రాసింది ఆ పల్లెల ఆడపిల్లలే. మొదటి పుస్తకంలో వంకరటింకరగా ఉన్న అంకెలు నాలుగో పుస్తకానికి వచ్చేసరికి కుదురుగా నిలబడ్డాయి. కమిటీ వచ్చే నెలలో మళ్లీ కూర్చుంటుంది. దస్త్రానికి వాటి నకళ్లు జతచేస్తున్నాం. పరీక్ష చేయించుకున్న అమ్మాయిల పేర్లు కనబడకుండా కాగితం అతికించాం. పేజీ అడుగున రాసినవారి పేర్లు మాత్రం అలాగే ఉంచాం.