మూడున్నరేళ్ళ బాబుకి పంచేంద్రియాలు: ఫ్లాష్‌కార్డులు కడప నుంచి తెప్పించుకోవాలా, ఇక్కడే కొనాలా?

కడప అమ్మాయి, ఇర్వింగ్:

అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి. ఆయన ప్రాజెక్టు మీద ఈ మధ్యే టెక్సస్ వచ్చాం. బాబుకి మూడున్నరేళ్ళు. దగ్గర్లో ప్రీస్కూల్ చూడ్డానికి పోతే, వచ్చే నెల వాళ్ళకి ఐదు ఇంద్రియాల పాఠం అన్నారు. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ, అంతా ఇంగ్లీషులోనే. మావాడు ముక్కేదంటే ముక్కు, చెవేదంటే చెవి చూపిస్తాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకు టెన్షన్‌గా ఉంది. మా అమ్మేమో ఫ్లాష్‌కార్డులు, చార్టులు కొని పార్సిల్ చేస్తానంటోంది. ఎలాంటి కార్డులు మంచివి, రోజుకి ఎన్ని చూపించాలి, తెలుగులో చెప్పాలా ఇంగ్లీషులోనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్రొద్దుటూరు అన్న, ప్లేనో:

చెల్లెమ్మా, ఫ్లాష్‌కార్డుల కంటే ముందు టీకాల కార్డు బయటికి తీయి. అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. మన దగ్గర ప్రభుత్వ టీకాల్లో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేస్తారు, అందులో గవదబిళ్ళల టీకా ఉండదు. ఇక్కడ ఆ మూడూ కలిసిన ఎంఎంఆర్ కావాలి. ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ కూడా మన ప్రభుత్వ లిస్టులో లేవు, ప్రైవేటులో వేయించి ఉంటేనే ఉంటాయి. టెక్సస్‌లో అవన్నీ అడుగుతారు. అయితే ప్రతిదీ కనీసం ఒక డోసు పడి, మిగతావి టైముకి వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు, కాబట్టి ఈ వారమే పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో. ఇంకోటి, టీబీ పరీక్ష అడిగితే చర్మం మీద చేసేది వద్దని చెప్పు. మన పిల్లలకి పుట్టగానే బీసీజీ (టీబీ టీకా) వేస్తారు కదా, దాంతో టీబీ లేకున్నా పాజిటివ్ చూపించవచ్చు. రక్త పరీక్ష ఉంటుంది, అది అడుగు.

ఆదోని అక్క, ఫ్రిస్కో:

అన్న చెప్పింది నిజమే గానీ ఆ అమ్మాయి అడిగింది కార్డుల గురించి. నేను ఇక్కడ ప్రీస్కూల్లో చిన్నపిల్లల క్లాసులో అసిస్టెంట్‌గా చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

అమ్మా, కార్డు చివర్లో రావాలి. మొదట వస్తువు, తర్వాత మాట, ఆ తర్వాతే బొమ్మ. నిమ్మకాయ బొమ్మ చూపించి పులుపు అంటే వాడు పులుపు అంటాడు, నువ్వు మురిసిపోతావు, కానీ వాడికి తెలిసింది ఆ పసుప్పచ్చ బొమ్మకి ఆ మాట అని మాత్రమే. అదే నిమ్మబద్ద నాలుక మీద పెట్టి, వాడు కళ్ళు గట్టిగా మూసి భుజాలు ఎగరేస్తున్నప్పుడు పులుపు అను. అయ్యాక కార్డు తీసి చూపించు. అప్పుడు ఆ బొమ్మ చూడగానే నోట్లో నీళ్ళూరతాయి. కార్డు పని అది, జరిగినదాన్ని గుర్తుచేయడం.

వినికిడికి నేను ఇట్లా చేసేదాన్ని. లోపల ఏముందో కనపడని చిన్న డబ్బాలు ఆరు తీసుకో. రెండింటిలో బియ్యం, రెండింటిలో కందిపప్పు, రెండింటిలో ఉప్పు పోసి మూతలకి టేపు వేసెయ్. వాడు ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి, దాని జత ఏదో వెతికి పక్కన పెట్టాలి. బియ్యానికీ పప్పుకీ తేడా దొరకడానికి టైం పడుతుంది, దొరికినప్పుడు ముఖం చూడాలి. నువ్వేం చెప్పొద్దు, ఊపనీ. వాసనకి కూడా ఇదే పద్ధతి: డబ్బాలో దూది పెట్టి ఒకదాంట్లో కాఫీ పొడి, ఒకదాంట్లో దంచిన యాలకులు, ఒకదాంట్లో ఇంగువ, ఒకదాంట్లో నిమ్మతొక్క. కారంపొడి, మిరియాల పొడి జోలికి పోవద్దు, పీల్చారంటే అంతే సంగతులు. స్పర్శకి ఒక గుడ్డసంచిలో స్టీలు స్పూను, ఉప్పుకాగితం ముక్క, ధర్మవరం పట్టు జాకెట్టు ముక్క, కొబ్బరి పీచు, చూడకుండా చెయ్యి పెట్టి చెప్పాలి. మీ కడప బండ నున్నటి ముక్క ఒకటి ఉంటే దానికి మించింది లేదు, ఎండాకాలంలో కూడా చల్లగా తగుల్తుంది.

కార్డులు కొనకపోయినా పర్లేదు. లైనులు లేని ఇండెక్స్ కార్డులు కట్ట తీసుకుని, ఇంట్లో వస్తువుల ఫొటోలే ప్రింటు తీసి అంటించు. కొన్నవాటిలో ఉండే స్ట్రాబెర్రీ, గుడ్లగూబ కంటే మీ ఇంటి కుక్కర్, మీ తాత ముఖం వాడికి త్వరగా ఎక్కుతాయి. ఒకసారికి నాలుగైదు చాలు. విసుగు కనపడగానే తీసి లోపల పెట్టెయ్.

అనంతపురం తమ్ముడు, ఆస్టిన్:

అక్క లిస్టు బాగుంది, ఒక్కటి కలుపుతాను. మా అనంతపురం వాళ్ళకి పిల్లల చేతిలో బుడ్డలు (పల్లీకాయలు) పెట్టడం అలవాటు, ఒలిచే చప్పుడు, వాసన, రుచి అన్నీ దాంట్లోనే నేర్పొచ్చు అనిపిస్తుంది. కానీ ఇంట్లో కూడా నాలుగేళ్ళ లోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి, ఇక్కడి పిల్లల డాక్టర్లు మొదట చెప్పేది అదే. స్కూలుకైతే అసలు పంపొద్దు. చాలా క్లాసుల్లో పల్లీలు నిషేధం, ఒక పిల్లకి ఎలర్జీ ఉంటే పొరపాటున కొంచెం నోట్లోకి పోయినా ప్రమాదమే. నువ్వులు కూడా 2023 నుంచి ఇక్కడి ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల లిస్టులో చేరాయి, నువ్వుల ఉండలు పెట్టే ముందు టీచర్‌ని అడగండి. నేను ఇది తేలిగ్గా చెప్పడం లేదు, మా అపార్ట్‌మెంట్లో ఒక బాబుని అంబులెన్స్‌లో తీసుకుపోవడం కళ్ళారా చూశాను.

ఆళ్ళగడ్డ వదిన, ప్లేనో:

కార్డులు ఏవైనా కొనుక్కో తల్లీ, గోడకి మాత్రం అంటించొద్దు. మాకు జరిగింది చెప్తాను విను.

మా పాపకి పడగ్గదికి పోయే వరండాలో, దాని కంటి ఎత్తులో, వరసగా కార్డులు అంటించాం. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చెయ్యి, వాటి కింద ఒక్కోదానికి నాలుగైదు బొమ్మలు. రెండువైపులా అంటుకునే టేపు. పాప వచ్చేటప్పుడు, పోయేటప్పుడు వాటిని ముట్టుకుంటా పోయేది, చాలా బాగుండేది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి పీకితే అక్కడక్కడ రంగు ఊడి వచ్చింది. సరే, ఆ గోడకి రంగు డబ్బు పట్టుకుంటే న్యాయం, మేం కూడా ఏమీ అనేవాళ్ళం కాదు. ఆ అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు ఏం చేశారంటే, మొత్తం ఇంటికి రంగు వేయించామని బిల్లు పంపారు. దానితోపాటు హాల్లో కార్పెట్ మార్చినట్టు ఇంకో బిల్లు. డిపాజిట్ మొత్తం పోగా మేమే ఇంకా కట్టాలట! ఫోన్ చేస్తే ఒకామె మేనేజర్ లేదంటుంది, ఇంకోరోజు ఆమే లేదంటారు. మా ఆయనేమో పోనీలే వదిలెయ్, క్రెడిట్ పాడవుతుంది కట్టేద్దాం అన్నాడు. నేను వదల్లేదు. చేరిన రోజు ప్రతి గది వీడియో తీసి పెట్టుకున్నాను, కార్పెట్ మీద మరక అప్పుడే ఉంది. టెక్సస్ చట్టం ఏమంటుందంటే, ఖాళీ చేశాక కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇస్తే 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, పట్టుకుంటే దేనికి ఎంతో వివరంగా రాసివ్వాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి డబ్బు పట్టుకోకూడదు. కావాలని దురుద్దేశంతో పట్టుకుంటే 100 డాలర్లు, దాని మీద పట్టుకున్నదానికి మూడింతలు కట్టాలి. ఇదంతా ఉత్తరం రాసి, ఫొటోలు జతచేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను, ఇవ్వకపోతే జస్టిస్ కోర్టుకి (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) పోతామని చివర్లో రాశాను. ఆ తర్వాత గానీ కదల్లేదు. ఒక్క వరండా గోడ ఖర్చు పట్టుకుని మిగతాది చెక్కు పంపారు.

కాబట్టి గోడకి బదులు ఒక తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీయి, లేదా ఫ్రిజ్ మీద అయస్కాంతాలతో పెట్టు. చేరిన రోజు వీడియో తీయకపోయి ఉంటే ఇవాళే తీయి.

ప్రొద్దుటూరు అన్న, ప్లేనో:

వదిన చెప్పింది అక్షరాలా నిజం. ఇక రుచికి ఒక మంచి చార్టు ఉంటుంది చెల్లెమ్మా, నాలుక బొమ్మ వేసి కొస దగ్గర తీపి, పక్కల పులుపు, ఉప్పు, వెనక చేదు అని రంగులు వేసి ఉంటారు. మేం బడిలో చదివింది అదే. అది కొను.

నంద్యాల డాక్టరమ్మ, హ్యూస్టన్:

అన్నా, ఆ చార్టు దయచేసి కొనిపించొద్దు. అది తప్పు. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక అంచుల మీద ఏ రుచి ఎక్కడ కొద్దిగా ముందు తెలుస్తుందో కొలిచాడు, తేడా చాలా స్వల్పం. 1942లో బోరింగ్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ ఆ లెక్కల్ని గ్రాఫుగా గీసిన తీరు చూసి, ఒక్కో రుచికి నాలుక మీద ఒక్కో జాగా ఉందని జనం అనుకున్నారు. నాలుక మీద రుచి మొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. పిల్లాడి నాలుక కొస మీద ఉప్పు గల్లు పెడితే వాడే చెప్తాడు.

ప్రొద్దుటూరు అన్న, ప్లేనో:

సరే ఒప్పుకున్నా డాక్టరమ్మా. అయితే మన కారం సంగతేంటి? ఇక్కడి కార్డుల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు అంతే ఉంటాయి. రాయలసీమ పిల్లోడికి కారం లేకుండా రుచులు నేర్పితే ఎట్లా?

నంద్యాల డాక్టరమ్మ, హ్యూస్టన్:

నేర్పాలి, కానీ శరీరం కారాన్ని పట్టుకునే దారి వేరు. మిరపలో ఉండే క్యాప్సైసిన్, వేడికి స్పందించే నరాలనే తట్టిలేపుతుంది. అందుకే మంట అంటాం, కంట్లో పడినా మండుతుంది, కంటికి రుచి లేదు కదా. ఈ పరిశోధనకే డేవిడ్ జూలియస్‌కి, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి 2021లో నోబెల్ వచ్చింది. ఉగాది పచ్చడి రోజు ఆరు రుచులూ మన లెక్కలో చెప్పండి, కారం, వగరుతో సహా. స్కూల్లో వాళ్ళ లెక్క వాళ్ళు చెప్తారు, పిల్లలు రెండూ పెట్టుకోగలరు. అయితే మూడున్నరేళ్ళవాడి నాలుక మీద ఎర్రకారం పెట్టి పరీక్షించొద్దు, కారం దోశలో అంచు ముక్క చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆడేటప్పుడు కొంచెం గమనిస్తూ ఉండండి. డబ్బా చప్పుడికి ఒకవైపే తల తిప్పుతున్నాడా, కార్డు మరీ ముఖం దగ్గర పెట్టుకుంటున్నాడా? టెక్సస్‌లో నాలుగేళ్ళు నిండిన పిల్లలు మొదటిసారి బడిలో చేరితే 120 రోజుల్లోపు చూపు, వినికిడి పరీక్ష జరగాలి. అనుమానం ఉంటే అంతదాకా ఆగకండి.

ఫోన్లో వచ్చే ఫ్లాష్‌కార్డు వీడియోలు కార్డులకి బదులు కావు. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రోజుకి మొత్తం ఒక గంటలోపే స్క్రీన్ అని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. అమ్మమ్మతో వీడియో కాల్ అందులోకి రాదు.

డోన్ అన్న, డల్లాస్:

భాష సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టండి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏదని ఫారం ఇస్తారు, దాంట్లో కూడా ఇంగ్లీషు అనే రాయండి, లేకపోతే వేరే క్లాసులో వేస్తారు.

ఆదోని అక్క, ఫ్రిస్కో:

అన్నా, క్షమించాలి, ఈ సలహా వినొద్దని ఆ అమ్మాయికి గట్టిగా చెప్తాను. తెలుగు అని ఉన్నదున్నట్టు రాయాలి. సెప్టెంబర్ 1కి నాలుగేళ్ళు నిండి, ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థంచేసుకోలేని పిల్లలకి టెక్సస్‌లో ప్రభుత్వ బడి ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉచితం. అబద్ధం రాసి ఆ అవకాశం పోగొట్టుకోవడం ఎందుకు? ఇంగ్లీషు నేర్పే సాయం కూడా దాని మీదే వస్తుంది. ఇంగ్లీషు మాటలు క్లాసులో పిల్లలతో కలిసి ఆడుకుంటూ వచ్చేస్తాయి. ఇంట్లో తెలుగు వదిలేస్తే రేపు కడపలో వాళ్ళ అవ్వతో ఏం మాట్లాడతాడు?

డోన్ అన్న, డల్లాస్:

మా పెద్దోడికి తెలుగు అని రాసినందుకే ప్రతి ఏడాది ఇంగ్లీషు పరీక్ష పెట్టారు అక్కా, ఆ కోపంతో అన్నాను. ఉచిత ప్రీ-కె సంగతి మాత్రం నిజం.

కర్నూలు టీచరమ్మ (ప్రస్తుతం ఊళ్ళోనే):

నా కొడుకు ఈ గ్రూపులో చేర్చాడు, చదువుతూ ఉంటాను. బుధవారపేటలో చిన్నపిల్లల బడి నడిపినదాన్ని కాబట్టి ఒక మాట. ఆదోని అమ్మాయి చెప్పిన డబ్బాల పద్ధతి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరిది. ఆమె 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. కార్డులు చూపించే వరస కూడా ఆ పద్ధతిలోనే ఉంది. ముందు మనం చెప్పాలి: ఇది ఇంగువ, ఇది యాలకులు. రెండోది, వాడిని ఇవ్వమనాలి: ఇంగువ ఏది, ఇయ్యి నాన్నా. మూడోది మాత్రమే ప్రశ్న: ఇదేంటి? మన వాళ్ళు మొదటిరోజే మూడోదానికి దూకి, పిల్లోడు చెప్పలేదని బాధపడతారు. రెండో మెట్టు మీద ఎన్ని రోజులైనా ఉండొచ్చు. తప్పు ఇస్తే సరిదిద్దొద్దు, మళ్ళీ మొదటిది ఆడండి.

కడప అమ్మాయి, ఇర్వింగ్:

అందరికీ చాలా థ్యాంక్స్. టీకాలకి అపాయింట్‌మెంట్ దొరికింది, ఇంటి వీడియో కూడా తీశాం. డబ్బాలు నిన్న మొదలుపెట్టాను, ఉప్పు జత వెంటనే పట్టేశాడు. ఒక్క సందేహం: మా అమ్మ ఇప్పటికే కార్డులు కొనేసింది, పార్సిల్‌లో కరివేపాకు, సాంబ్రాణి, కొన్ని గింజలు కూడా వాసన ఆటకి పెడతానంటోంది. పెట్టమనమంటారా?

ఆదోని అక్క, ఫ్రిస్కో:

కార్డులు పంపమను, పాపం ప్రేమగా కొన్నది. కరివేపాకు, గింజలు వద్దు, ఆకులు, విత్తనాలు కస్టమ్స్‌లో ఆపేస్తారు. బియ్యం కూడా పెట్టొద్దని చెప్పు. సాంబ్రాణి ఇక్కడ ఇండియన్ షాపులో దొరుకుతుంది, వెలిగించకుండా ఊరికే వాసన చూపించు, పొగకి అలారం మోగితే మళ్ళీ ఆఫీసు వాళ్ళతో గొడవ. అమ్మ పంపాల్సింది ఇంకోటి ఉంది: ఫోన్లో రికార్డు చేసి చప్పుళ్ళు పంపమను. మీ వీధిలో ఆటో హారన్, దేవుని కడప గుడి గంట, పెద్ద దర్గా దగ్గర సందడి, మీ నాన్న దగ్గు, రోట్లో పచ్చడి నూరేది. ఒక్కోదానికి ఫొటో కూడా పంపితే ప్రింటు తీసి కార్డు చెయ్యి, చప్పుడు వినిపించి ఏ కార్డో తీయమను. శనివారం మేం ఇర్వింగ్ వైపే వస్తున్నాం, మా ఇంట్లో వాసన డబ్బాల సెట్టు ఖాళీగా ఉంది, అడ్రస్ విడిగా మెసేజ్ పెట్టు, తెచ్చిస్తాను.