ముందు ఫోర్కులను ఇంట్లోనే విప్పాలంటే ఏ క్రమం పాటించాలి?

ప్రశ్న:
నా పల్సర్ 150 బండికి డిస్కు ఉన్న వైపు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాక్ గొట్టం) ఆయిల్ సీల్, అంటే లోపలి నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం, పోయింది. ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడల్లా రాడ్డు మీద నూనె వలయంలా నిలుస్తోంది, అది మెల్లగా కిందికి జారి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బ్రేకు భాగం) దాకా చేరుతోంది. ఫోర్కులు రెండింటినీ నేనే విప్పి, సీళ్లు మార్చడానికి మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. సెంటర్ స్టాండు, సాకెట్ల సెట్టు, ఆలెన్ కీలు, జాకీ ఉన్నాయి. ఏ బోల్టు ముందు వదులు చేయాలో, చక్రం తీశాక బండి ఒరగకుండా ఎలా నిలపాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆనించండి. బరువు సైలెన్సర్ పైపు మీద పడకూడదు. యాక్సిల్ (చక్రపు ఇరుసు) నట్టును మాత్రం చక్రం నేలకు ఆని ఉండగానే ఒక పట్టు వదులు చేసుకోండి. తర్వాత క్యాలిపర్ విప్పి, దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా తీగతో ఫ్రేముకు కట్టండి. ప్యాడ్ల మధ్య అట్టముక్క దూర్చి ఉంచండి, ఎందుకంటే డిస్కు లేనప్పుడు ఎవరైనా బ్రేకు లివరు నొక్కితే పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి. ఆపై చక్రం, మడ్‌గార్డు తీయండి.

ఇక అసలు విషయం. ఫోర్కును లోపల విప్పాల్సి ఉంది కాబట్టి, రాడ్డును పైనా కిందా పట్టుకునే రెండు క్లాంపుల్లో పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు రాడ్డును ఇంకా బిగించి పట్టుకుని ఉండగానే ఫోర్కు పైనున్న క్యాప్ బోల్టును కొద్దిగా కదిలించి ఆపేయండి. ఫోర్కు బయటికి వచ్చాక ఆ గుండ్రటి రాడ్డును పట్టుకునే ఆధారం ఉండదు, బెంచి వైసులో బిగిస్తే క్రోమ్ గీసుకుపోతుంది. పై క్లాంపులోంచి రాడ్డు ఎంత పైకి వచ్చి ఉందో స్కేలుతో కొలిచి రాసుకుని, అప్పుడు కింది క్లాంపు వదులు చేసి, అటూ ఇటూ తిప్పుతూ ఫోర్కును కిందికి లాగండి. క్యాప్ పూర్తిగా విప్పే వేళ లోపలి స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది కనుక చివరి మరలకు అరచేతితో అదిమి పట్టాలి.

రెండో సమాధానం:
పై క్రమం సరైనదే, అయితే సీళ్లు కొనే ముందు రాడ్డును పరీక్షించమని గట్టిగా చెబుతాను. శుభ్రంగా తుడిచి, సీలు ఆడే భాగమంతా గోరుతో పైనుంచి కిందికి రాయండి. తుప్పు గుంట గోరుకు తగిలితే ఎంత మంచి సీలు వేసినా దాని అంచు కోసుకుపోయి మళ్లీ కారుతుంది. అలాంటప్పుడు రాడ్డునే మార్చాలి. కారేది ఒక వైపే అయినా సీళ్లు, నూనె రెండు వైపులా మార్చండి. కంపెనీ మాన్యువల్ చెప్పిన రకం నూనెను, చెప్పినన్ని మిల్లీలీటర్లే, కొలపాత్రతో కొలిచి పోయించండి; రెండింటిలో తేడా ఉంటే రెండు ఫోర్కులు ఒకేలా పనిచేయవు. ప్యాడ్లకు నూనె తాకి ఉంటే వాటిని మార్చి తీరాలి. డిస్కును బ్రేకు క్లీనరుతో తుడిస్తే చాలు, కానీ ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయంటే నమ్మదగినవి కావు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తిరిగి బిగించేటప్పుడు కూడా ఇదే వరుసను వెనక నుంచి పాటిస్తే సరిపోతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
చాలావరకు అంతే. రాసుకున్న కొలతకే రెండు రాడ్లనూ నిలిపి, కింది క్లాంపు బిగించి, క్యాప్ బోల్టును పూర్తిగా బిగించాక పై క్లాంపు బిగించండి. యాక్సిల్ నట్టును మాత్రం మొదట చేతితోనే పెట్టి, బండిని జాకీ నుంచి దించి, చక్రానికి అడ్డు పెట్టి హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు కిందికి నొక్కితే ఫోర్కులు తమంతట తాము సమంగా సర్దుకుంటాయి, అప్పుడు బిగించండి. బండి కదిలించే ముందు లివరు గట్టిపడే దాకా ముందు బ్రేకును పలుమార్లు నొక్కండి, లేకపోతే మొదటి పట్టులో బ్రేకు అందదు.