సమస్య: నీరు నిప్పుఁ గలసి నేలఁ గనెను

నిర్వాహకుడు: హవాయి పెద్ద దీవిలో లావా కడలిలోకి దిగే వీడియో చూస్తుంటే తోచిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. రెండు రోజుల గడువు.

భీమిలి పంతులు: ఇందులో సమస్య ఎక్కడుందండీ? ‘అగ్నేరాపః, అద్భ్యః పృథివీ’ (నిప్పు నుంచి నీరు, నీటి నుంచి నేల) అని తైత్తిరీయోపనిషత్తు ఎప్పుడో చెప్పింది.

నిర్వాహకుడు: అక్కడ ఒకదాని నుంచి ఒకటి పుట్టాయి. ఇక్కడ రెండూ కలిసి కనాలి. చిక్కంతా అదే, ఆర్యా.

కడలిగట్టు: నా పూరణ.

ఆ.వె. (ఆటవెలది)
కొండ కడుపు చీల్చి కుతకుతలాడుచుఁ
గడలిఁ జేరి పగిలెఁ గరగు రాయి
నల్ల యిసుక యయ్యె నలల దెబ్బకు నది
నీరు నిప్పుఁ గలసి నేలఁ గనెను.

2018లో ఆ దీవిలోని కిలవేయా అగ్నిపర్వతం పొంగినప్పుడు ‘పోహోయికి’ అనే చోట జరిగింది ఇదే. లావా నీళ్ళలో పడి ఒక్కసారిగా చల్లబడి గాజులా పెటిలిపోయింది. ఆ ముక్కల్ని అలలు మోసుకొచ్చి కొన్ని నెలల్లోనే కొత్త బీచ్ పరిచాయి. పడవలు దింపే ర్యాంపు దాకా లావా రాలేదు కానీ ఇసుక మేటవేసి దాని దారి మూసేసింది.

భీమిలి పంతులు: భావం బాగుంది. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరానికి కుదరాల్సిన మైత్రి, తప్పింది. ‘అయ్యెన్ + అలల’లో నకారం ద్రుతానిది (పదం చివరి ‘న్’), యతి అచ్చుకే చెల్లాలి. ఇలా అంటే సరి:

యలల దెబ్బఁ దినుచు నయ్యె నల్లనిసుక

‘కడుపు’ మాత్రం చక్కగా అతికింది. ఆ ఏడు లావా శిఖరం మీంచి పొర్లలేదు, లెయిలానీ ఎస్టేట్స్ అనే కాలనీలో ఇళ్ళ మధ్య నేల పగిలి పైకొచ్చింది.

కడలిగట్టు: సవరణ బాగుంది. ఇంత నిక్కచ్చిగా ఉండేవారు వెనకటి ‘కప్ప పామును మ్రింగె’ సమస్యకు మీ పూరణలో ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణం ఎలా వేశారు?

హిలో తెలుగమ్మాయి: మా దీవి మీద పద్యం చూసి ఆగలేకపోయాను.

ఆ.వె.
ఇండ్లు మునిఁగిపోయె నెఱ్ఱని సెగలోన
నూరు వీడి జనము లురికి రకట
తిరిగి వచ్చి చూడఁ దీరాన జారు క
న్నీరు నిప్పుఁ గలసి నేలఁ గనెను.

700కు పైగా ఇళ్ళు పోయాయి. కపోహో అఖాతమే పూడిపోయింది. అందరూ కొత్త బీచ్ ఫొటోలు పెడతారు, ఆ ఇళ్ళవాళ్ళు మాత్రం ఎవరికీ గుర్తు రారు.

నిర్వాహకుడు: అమ్మా, ‘కన్నీరు’ అని విరిచి, ‘కనెను’ను చూపు చేశారు! నీటికి పురుడు పోసే పనే లేకుండా పోయింది. ఈ పాదం ఇచ్చినప్పుడు నాకీ దారి తట్టనే లేదు.

భీమిలి పంతులు: విరుపు అద్భుతం. కాకపోతే ‘తీరాన’ వ్యావహారికం. గ్రాంథికంలో ‘తీరమున’ అనాలి, అప్పుడు గణం చెడుతుంది.

కడలిగట్టు: ఆ పద్యం చదివాక కూడా ‘తీరాన’ దగ్గరే ఆగారా పంతులుగారూ? పోనీ, మీ భీమిలి తీరంలోనూ నల్ల ఇసుక ఉందిగా, దానిమీద ఒకటి చెప్పండి.

భీమిలి పంతులు: అది ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాల ఇసుక. కొండరాళ్ళు యుగాల తరబడి అరిగితే వచ్చింది. అక్కడ నిప్పు లేదు కాబట్టి ఈ పాదం అతకదు. హవాయిలోనే పాపకోలియా తీరంలో ఆలివిన్ అనే ఖనిజం వల్ల పచ్చ ఇసుక ఉంది, దాని మీద రాస్తున్నాను, రాత్రికి పెడతాను. కప్ప పద్యంలో గణం తప్పలేదు, టైపు చేసినప్పుడు ఒక అక్షరం ఎగిరిపోయింది.

కడలిగట్టు: ఎగిరిన అక్షరం ఏదో చెబితే ఇప్పుడే గణాలు లెక్కవేస్తాను.

నిర్వాహకుడు: కప్ప సంగతి ఆ సమస్య కింది చర్చలోనే తేల్చుకోండి. పచ్చ ఇసుక పూరణ కోసం గడువు రేపు ఉదయం దాకా పొడిగించాను.