సమస్య: కోడెకాడు తల్లి కోక గట్టె

యతిప్రియుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం పైనుంది. మిగతా మూడు పాదాలూ తోకపిగిలిపిట్ట మీదే పూరించాలి. పేరులో పిగిలి ఉంది కదా అని బుల్‌బుల్ పిట్టను తెచ్చి కూర్చోబెట్టకండి, ఇది గాల్లో పురుగుల్ని పట్టే వేరే జాతి.

తొందరరాముడు:

కూచిపూడి యాట కొలువు తీరినవేళ
సత్యభామ పాత్ర చాల కుదిరె
జడను వైచి యాడె జనులెల్ల మెచ్చగా
కోడెకాడు తల్లి కోక గట్టె

యతిప్రియుడు: పద్యం నడక హాయిగా ఉంది. పిట్ట ఏదండీ?

తొందరరాముడు: షరతు చదవకముందే రాసేశాను. ఉంచేయండి.

అడవిదారి:

నల్లనైన జుట్టు నారింజ వన్నె మై
కంటి చుట్టు నీలి కమ్మితోడ
తోక యెదుగనట్టి తొలియేటి మగపిట్ట
కోడెకాడు తల్లి కోక గట్టె

బైనాక్యులర్ మాస్టారు: భేష్! సమస్యకు విడుపు ఇదే. కుర్ర మగది అచ్చం తల్లిలాగే నారింజ రంగులో, పొట్టి తోకతో తిరుగుతుంది. రెండు సవరణలు. నల్ల జుట్టు తల్లికీ ఉంటుంది, దాన్నిబట్టి మగదని ఎలా చెబుతాం? గొంతు చూడాలి. ఆడదానికి బూడిద రంగు, కుర్రదానికి నలుపు. "నల్లనైన గొంతు" అనండి, గణం చెడదు. పొడుగు తోక రెండో ఏటో మూడో ఏటో గాని రాదు, కాబట్టి "తొలియేటి" బదులు "తొలినాటి".

అడవిదారి: రెండూ మార్చుకుంటాను మాస్టారూ. చలికాలంలో ఒకదాన్ని చూసి ఆడదనే రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పుడు మళ్లీ తీయాలి!

పద్యాలపిచ్చి:

గూటిలోన గుడ్లు కూర్మితో తల్లియే
పొదిగె, తండ్రి చూచె తోక యూపి
రెక్క వచ్చి యెగిరె రివ్వున వనమున
కోడెకాడు తల్లి కోక గట్టె

యతిప్రియుడు: రెండో పాదంలో యతి తప్పింది, మొదటి అక్షరం "పొ"కీ యతిస్థానంలోని "తో"కీ మైత్రి లేదు.

బైనాక్యులర్ మాస్టారు: యతి సంగతి అటుంచండి, తండ్రికి అన్యాయం చేశారు. గూడు కట్టడం, పొదగడం, మేపడం అన్నీ ఇద్దరివీ. అంత పొడుగు తోక గూటి బయటికి వేలాడుతుంటే కూడా మగది కదలకుండా కూర్చుంటుంది. సాలెగూటి పోగులతో బిగించిన చిన్న గిన్నెలో మూడు నాలుగు గుడ్లు. పొదగడం 14–16 రోజులు, ఆపైన 9–12 రోజుల్లో పిల్లలు గూడు వదిలేస్తాయి. కొన్ని జంటలు పసులపోలిగాడు అనే నల్లపిట్ట గూటికి దగ్గర్లో కాపురం పెడతాయి. కాకిని తరమడానికి కాపలా ఊరికే దొరుకుతుంది మరి.

పద్యాలపిచ్చి: సరే, తండ్రినీ కూర్చోబెట్టాను:

గూటిలోన గుడ్లు కూర్మితో నిరువురు
పొదిగి కాచి నోట పురుగులిడగ

యతిప్రియుడు: ఇప్పుడు యతీ కుదిరింది, కాపురమూ కుదిరింది.

అడవిదారి: పెద్దయ్యాక మగవన్నీ తెల్లబడతాయా?

బైనాక్యులర్ మాస్టారు: లేదు. కొన్ని తోక పెరిగినా నారింజగానే ఉంటాయి. శ్రీలంకలో కాపురముండేవి అంతే. అక్కడికి చలికాలంలో వలస వచ్చే తెల్ల తోకవాటిని సింహళంలో బట్టల దొంగ అంటారు. మధ్యప్రదేశ్‌లో మాత్రం అదే దూధ్‌రాజ్, రాష్ట్ర పక్షి.

యతిప్రియుడు: అయితే వచ్చే వారం సమస్య దొరికింది: "దొంగబట్టతోడ దొరగ మారె". తొందరరాముడు గారూ, షరతు చదవండి. పిట్ట మీదే!