మలావీ నుంచి కోతిని బెంగళూరుకి తేవచ్చా? మా తమ్ముడికి ఎవరైనా చెప్పండి

పద్మ_మున్నేకొలాల
మా తమ్ముడు ఐదేళ్లుగా మలావీ దేశంలో, లిలోంగ్వేలో ఒక హోల్‌సేల్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాడు. ఒక్కడే ఉంటాడు. నాలుగేళ్ల కిందట రోడ్డు పక్కన కుర్రాళ్లు అమ్ముతుంటే ఒక కోతిపిల్లను కొన్నాడు. వెర్వెట్ అనే ఆఫ్రికా జాతి, మగది, పేరు బుజ్జి. డిసెంబరుతో వాడి కాంట్రాక్టు అయిపోతుంది. బుజ్జిని కూడా తీసుకొస్తానంటున్నాడు.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. ఇంట్లో 72 ఏళ్ల అమ్మ, నా ఇద్దరు పిల్లలు ఉన్నారు. బుజ్జి ఎలాంటివాడో కూడా చెప్పాలి. ఫ్రిజ్ తలుపు తీస్తాడు. పల్లీల డబ్బా మూత తిప్పి బుగ్గల సంచుల నిండా కుక్కుకుంటాడు. కుళాయి తిప్పుతాడు, కట్టడు. ఒకసారి అమ్మ వీడియో కాల్‌లో ఉండగా తమ్ముడి చేతిలో ఫోన్ లాక్కుని మామిడిచెట్టు ఎక్కేశాడు. ఇరవై నిమిషాలు అమ్మకి ఆకులూ ఆకాశమూ వాడి పళ్లూ కనిపించాయి. అమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తేవడం కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కార్గో_శీను
అక్కా, పదహారేళ్లుగా ఎయిర్ కార్గో పనిలో ఉన్నాను. కుదరదు. మన దేశంలోకి ప్రయాణికుడు సామానుతో పాటు తెచ్చుకోగలిగిన పెంపుడు జంతువులు కుక్క, పిల్లి మాత్రమే. కోతి ఆ లెక్కలోకి రాదు. కోతి జాతులన్నీ సైటీస్, అంటే వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో ఉన్నాయి కాబట్టి అక్కడ ఎగుమతి పర్మిట్ కావాలి, ఇక్కడ డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దిగుమతి లైసెన్సు కావాలి, ఆ తర్వాత క్వారంటైన్. రోడ్డు మీద కొన్న కోతికి ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే కాగితమే ఉండదు. మొదటి కాగితం లేనప్పుడు రెండోది ఎలా పుడుతుంది?

మన దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులోనే బ్యాంకాక్ వైపు నుంచి వచ్చిన సూట్‌కేసుల్లో గిబ్బన్ పిల్లలు దొరికిన వార్తలు మీరూ చదివే ఉంటారు. అవి ఏ స్థితిలో బయటపడతాయో నా తోటివాళ్లు చూశారు. తమ్ముణ్ణి ఆ ఆలోచన మానుకోమనండి.

చరణ్_బెల్లందూరు
2024లో రూల్స్ వచ్చాయి కదా, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తే విదేశీ జంతువుని ఉంచుకోవచ్చు అన్నారు?

కార్గో_శీను
చరణ్, ఆ రిజిస్ట్రేషన్ ఎవరి దగ్గర ఏ జంతువు ఉందో లెక్క కోసం. దిగుమతి లైసెన్సుకి అది బదులు కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే మనుషులు కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

మల్లేశ్వరం_హైమ
లైసెన్సు సంగతి తర్వాత. కరుస్తుందా లేదా అది చెప్పండి ముందు.

పోయిన ఏడాది మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కోతి నా మోచేతి మీద కరిచింది. నేను దాన్ని అదిలించలేదు, చూడను కూడా లేదు. పదిహేను నిమిషాలు కుళాయి కింద సబ్బుతో కడిగాను. గాయం చుట్టూ రేబీస్ రాకుండా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు పొడిచారు, ఆ నొప్పి ఇప్పటికీ గుర్తుంది. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వ్యాక్సిన్. ఇప్పటికీ మేడ మెట్లు ఎక్కాలంటే గుండె దడ. పిల్లలున్న ఇంట్లోకి కోతి అంటున్నారు, మీకు టెన్షన్ లేదా?

ఆంజనేయ_దాసు
కోతి ఇంటికి రావడం అదృష్టం అమ్మా. మా ఊళ్లో చనిపోయిన కోతికి కూడా పూలు వేసి, మేళం పెట్టి సాగనంపుతాం. ఒక మూగజీవిని నమ్మించి నడిరోడ్డు మీద వదిలేయమని సలహా ఇస్తున్నారే!

లిలోంగ్వే_తమ్ముడు
నేనే ఆ తమ్ముణ్ణి. అక్క లింకు పంపింది.

హైమ గారూ, మిమ్మల్ని కరిచింది అడవి కోతి. బుజ్జి నా చేతుల్లో పాలసీసాతో పెరిగినవాడు. నేను కొన్నప్పుడు నా అరచేతిలో పట్టేవాడు. ముప్పై గ్రాముల పాలు తాగి నా బనీను పట్టుకుని నిద్రపోయేవాడు. నేను ఆఫీసు నుంచి సాయంత్రం ఆరుకి వస్తాను. అక్కడ మీకు తొమ్మిదిన్నర. అమ్మ అప్పటికి పడుకుంటుంది. ఈ ఇంట్లో నా కోసం ఎదురుచూసేది వాడొక్కడే. నా భుజం ఎక్కి జుట్టు పాయలు పాయలుగా తీసి వెతుకుతాడు. అరగంట. నాకు ఆ అరగంటే ఇల్లు.

వాడి అల్లరి అక్క చెప్పింది. వాడి తెలివి చెప్పలేదు. తోటకి నీళ్లు పట్టే గొట్టం చూస్తే రెండు కాళ్ల మీద నిలబడి ఒక రకంగా అరుస్తాడు. గద్ద ఎగిరితే ఇంకో రకంగా అరిచి మంచం కిందికి దూరతాడు. ఎవరు నేర్పారు వాడికి?

పశువైద్యం_హెబ్బాళ
నేను హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో చివరి ఏడాది. అన్నా, ఆ అరుపుల మీద కెన్యాలోని అంబోసెలిలో పరిశోధన జరిగింది. 1980లో వచ్చింది. వెర్వెట్ కోతులకి చిరుతపులికి ఒక కూత, గద్దకి ఒకటి, పాముకి ఒకటి. శాస్త్రవేత్తలు ఆ కూతలు రికార్డు చేసి, అక్కడ ఏ జంతువూ లేనప్పుడు వినిపించారు. చిరుత కూతకి గుంపంతా చెట్టెక్కింది. గద్ద కూతకి పైకి చూసింది. పాము కూతకి నిలబడి గడ్డిలోకి చూసింది. అంటే ఆ కూత వాడు తన గుంపుకి పెట్టే కబురు. మీ ఇంట్లో వాడు కబురు పెడుతున్నాడు, అందుకునే గుంపు లేదు.

ఇంకో మాట. వాడికి నాలుగేళ్లు. మగ వెర్వెట్ ఐదేళ్ల దగ్గర పెద్దవాడవుతాడు, పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో స్థానం కోసం కొట్లాడతాడు. కోరలు అప్పటికి పూర్తిగా వస్తాయి. ఇంట్లో ఉంటే ఆ కొట్లాట మీతోనూ, ఇంటికొచ్చేవాళ్లతోనూ జరుగుతుంది. పెంపకంలో పాతికేళ్లు దాటి బతకగలడు. ఫ్లాటులో పాతికేళ్లు.

బెంగళూరులో ఇంకో చిక్కు ఉంది. మన బాల్కనీల్లో తిరిగే కోతులు ఆసియా జాతి. వాటిలో హెర్పిస్ బి అనే వైరస్ ఉండొచ్చు, వాటికి పెద్దగా ఏమీ కాదు. ఆఫ్రికా కోతికి అంటుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. మనిషికి కూడా.

మల్లేశ్వరం_హైమ
ఆయన నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. కరిచిందా, లేదా?

లిలోంగ్వే_తమ్ముడు
ఆడుకుంటూ పళ్లు తగిలించడం కరవడం కాదండీ.

మల్లేశ్వరం_హైమ
రక్తం వచ్చిందా?

ఆంజనేయ_దాసు
కోర్టు బోనులో నిలబెట్టినట్టు అడుగుతున్నారేంటమ్మా?

పద్మ_మున్నేకొలాల
వచ్చింది. జూలైలో వీడి బొటనవేలికి కుట్లు పడ్డాయి. అంతకుముందు వంటపని చేసే ఆవిడ ముంజేయి కరిచాడు. ఆవిడ పని మానేసింది. ఈ సంగతులు వీడు నాకు చెప్పలేదు, వీడి ఫ్రెండు చెప్పాడు.

లిలోంగ్వే_తమ్ముడు
అక్కా, ఇంటి విషయాలు ఇక్కడెందుకు?

కార్గో_శీను
తమ్ముడూ, ఒకవేళ ఎవరైనా ఏజెంటు "నేను పంపిస్తాను, బోను కొలతలు చెప్పు" అంటే నమ్మకు. బోను కొలతలు సమస్యే కాదు. ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) నిబంధనల ప్రకారం బోను ఎంత బాగా చేయించినా, లైసెన్సు లేకపోతే విమానం ఎక్కించరు. ఎక్కించినా ఇక్కడ పట్టుకుంటారు.

ఆంజనేయ_దాసు
శీను గారూ, మీరు కాగితాలు తప్ప ప్రాణం గురించి మాట్లాడరా?

కార్గో_శీను
ప్రాణం గురించే మాట్లాడుతున్నా. ఆడిస్ అబాబాలో విమానం మారాలి. కార్గో షెడ్డులో గంటలు గంటలు. మీరు ఎప్పుడైనా ఆ షెడ్డులో నిలబడ్డారా? జంతువు బోనులో ఉండి అరిచే అరుపు విన్నారా? నేను విన్నాను. పూలు, మేళం చనిపోయాక. బతికున్నప్పుడు ఏం చేయాలో చెప్పండి.

పశువైద్యం_హెబ్బాళ
అన్నా, మీ ఊళ్లోనే లిలోంగ్వే వైల్డ్‌లైఫ్ సెంటర్ ఉంది కదా. పెంపుడు కోతుల్ని, దెబ్బతిన్నవాటిని తీసుకుని, మెల్లగా గుంపుగా కలిపి, కుదిరితే అడవిలో వదులుతారు. వాళ్లతో మాట్లాడారా?

లిలోంగ్వే_తమ్ముడు
రెండుసార్లు గేటు దాకా వెళ్లాను. రెండుసార్లూ వాడు నా చొక్కా లోపలికి దూరాడు. తిరిగి వచ్చేశాను.

మీ అందరికీ సలహా ఇవ్వడం సులువు. వాడి తల్లి చచ్చిపోయింది. నేను కొనకపోతే వాడూ పోయేవాడు. నాది తప్పెలా అవుతుంది?

పశువైద్యం_హెబ్బాళ
తల్లి ఎలా పోయిందో అడిగారా అన్నా? మొక్కజొన్న చేలమీద పడతాయని వెర్వెట్లని చంపుతారు. పిల్ల తల్లి పొట్టకి కరుచుకుని ఉంటుంది. బతికున్న తల్లి పిల్లని ఇవ్వదు. మీలాంటివాళ్లు జాలిపడి కొంటారని తెలిసే రోడ్డు మీదికి తెస్తారు. మిమ్మల్ని తిట్టాలని కాదు, ఇది తెలియకుండా ఎవరూ కొనకూడదనే చెబుతున్నా.

లిలోంగ్వే_తమ్ముడు
నేను జాలిపడ్డాను. దానికి నాలుగేళ్ల తర్వాత హత్యానేరం అంటగడుతున్నారు. కాలేజీ హాస్టల్లో కూర్చుని మాట్లాడకు. ముప్పై ఐదేళ్లవాడు, భాష రాని ఊళ్లో, కరెంటు పోయిన ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడటానికి మనిషి లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసా? నేను వాడికి తెలుగులో మాట్లాడతాను. వాడు వింటాడు.

పద్మ_మున్నేకొలాల
ఒంటరితనం నీకేనా?

మార్చిలో అమ్మకి మోకాలి ఆపరేషన్. జనవరిలోనే తేదీ చెప్పాను. నువ్వు "బుజ్జి నేను లేకపోతే తినడు" అన్నావు. అమ్మ స్పీకర్‌లో విన్నది. నువ్వు కాల్ కట్ చేశాక అమ్మ "వాడు నేను లేకపోతే తింటాడులే" అని ఒక్క మాట అన్నది. పదకొండు రాత్రులు హాస్పిటల్‌లో బల్ల మీద పడుకున్నాను. నా చిన్నదానికి అదే వారం పరీక్షలు. అమ్మ కూడా తినలేదు నాయనా, నాలుగు రోజులు. నీకు చెప్పలేదు.

ఇప్పుడు కోతితో పాటు వస్తానంటున్నావు. కోతిని తేలేకపోతే కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించుకుంటానని మీ ఫ్రెండుతో అన్నావట. అందుకే ఇక్కడ అడిగాను. తేవచ్చా అని కాదు నాకు కావాల్సింది. తేకూడదని నలుగురు చెబితే అయినా నువ్వొక్కడివే వస్తావని.

లిలోంగ్వే_తమ్ముడు
మార్చి ఆపరేషన్ డబ్బు ఎవరు పంపారు? ఫ్లాటు ఈఎంఐ ఎవరు కడుతున్నారు? డబ్బు కావాలంటేనే నా నెంబరు గుర్తొస్తుంది. నాలుగేళ్లలో ఒక్కసారైనా "తిన్నావా" అని అడిగావా అక్కా? "పంపావా" అనేగా అడిగేది.

పద్మ_మున్నేకొలాల
ఈఎంఐ నీ పేరు మీద ఉన్న ఫ్లాటుకి. మేము అద్దె కట్టకుండా ఉంటున్నామనేగా నీ బాధ? జనవరి నుంచి కడతాను. అమ్మకి మందులు ఏ వేళకి ఏవి ఇవ్వాలో కాగితం మీద రాసి పంపుతాను, నువ్వు వచ్చి చూసుకో.

చరణ్_బెల్లందూరు
అక్కా, అన్నా, ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి.

ఆంజనేయ_దాసు
నేను అక్క సంగతి తెలియక మాట్లాడాను. క్షమించమ్మా. మా అన్నయ్య కువైట్‌లో ఉన్నాడు, మా నాన్న దినానికి రాలేకపోయాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, వాడికి లీవు దొరకలేదని తెలిసినా.

మల్లేశ్వరం_హైమ
తమ్ముడు గారూ, ఒక్కటే అడుగుతా. వంటావిడకి వ్యాక్సిన్ వేయించారా?

లిలోంగ్వే_తమ్ముడు
వేయించాను. అన్ని డోసులూ. నేనే క్లినిక్‌కి తీసుకెళ్లాను. జీతం కూడా మూడు నెలలు ఇచ్చాను. అది మాత్రం దాచలేదు, ఎవరూ అడగలేదంతే.

మల్లేశ్వరం_హైమ
మంచిపని చేశారు. నాకు ఇది ముఖ్యం.

పశువైద్యం_హెబ్బాళ
అన్నా, హాస్టల్ మాట నిజమే, నాకు మీ ఆదివారాలు తెలియవు. ఒక్క విషయం మాత్రం చెబుతాను. సెంటర్‌లో ఇచ్చేటప్పుడు వాడు నిద్రపోయే బనీను ఇవ్వండి. ఏం తింటాడో, ఎప్పుడు తింటాడో, దేనికి భయపడతాడో రాసివ్వండి. గొట్టం సంగతి కూడా. డిసెంబరు దాకా ఆగకండి, ఎంత చిన్నవయసులో ఇస్తే గుంపులో అంత తేలిగ్గా కలుస్తాడు.

కార్గో_శీను
తమ్ముడికి ఏజెంట్ల నెంబర్లు ఎవరైనా పంపితే నాకు ముందు చెప్పండి.

*(నాలుగు రోజుల తర్వాత)*

లిలోంగ్వే_తమ్ముడు
సెంటర్‌కి ఫోన్ చేశాను. ముందు పరీక్షలు చేస్తారట, కొన్నాళ్లు వేరుగా ఉంచుతారట, ఆ తర్వాత గుంపు. మంగళవారం తీసుకురమ్మన్నారు. ఇచ్చాక ఊరికే చూడటానికి రావద్దన్నారు, వాడు నన్ను మరచిపోవాలట. బనీను ఉతకకుండా పక్కన పెట్టాను.

శీను అన్నా, ఏజెంటు ఒకడు నిజంగానే ఫోన్ చేశాడు. వద్దన్నాను.

అక్కా, కాంట్రాక్టు పొడిగించమని రాసిన మెయిల్ వెనక్కి తీసుకున్నాను. రాత్రి నుంచి అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. బుజ్జి ఇంకా నా దగ్గరే ఉన్నాడు, వెళ్లేలోపు ఒకసారి చూపిస్తానని చెప్పు.

పద్మ_మున్నేకొలాల
ఛార్జింగ్ అయిపోయింది, అలగలేదు. ఆదివారం పొద్దున్న చెయ్యి. తిన్నావా?